రెండో సమీక్షకుడికి పదిహేడు మార్కులు

ఆ రోజుల్లో నేనింకా చిన్నదాన్ని. అరవై నాలుగేళ్ళు నిండి మూడు నెలలు. నవ్వకండి. మనిషికి ఒక్కటే వయసు ఉంటుందనుకోవడం లెక్క తెలియనివాళ్ళు చేసే పొరపాటు. లెక్కల టీచరుగా ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఆ వృత్తిలో నేను ముసలిదాన్నే. కానీ పరిశోధకురాలిగా అప్పటికి నా వయసు సున్నా. పళ్ళు రాని పిల్ల కనిపించినదల్లా నోట్లో పెట్టుకున్నట్టు, ఆ ప్రాయంలో నేనూ ఏ పని కనిపిస్తే అందులో చెయ్యి పెట్టేదాన్ని. ఎవరికి ఎదురు చెప్పకూడదో, ఏ కాగితం ఎవరికి చూపించకూడదో తెలియని వయసు. అందుకే ఆ రెండేళ్ళలో నేను చేసిన నిర్వాకాన్ని పడుచుతనపు ముచ్చట కిందే జమకట్టుకుంటున్నాను. ఎవరైనా కాదంటే వాళ్ళ ఇష్టం. నా లెక్క మారదు.

మాది తెనాలి దగ్గర పల్లె. మావారి ఉద్యోగం వెంట హైదరాబాదు వచ్చి, చివరికి శంషాబాదులో ఇల్లు కట్టుకున్నాం. మావారు పోయాక ఆ ఇంట్లో నేనూ, మూడు గోడగడియారాలూ మిగిలాం. మా వీధికి తొండుపల్లి నుంచి ఒకావిడ పాలు తెచ్చి పోసేది. అందరూ పాలక్క అనేవారు. నాకంటే రెండేళ్ళు పెద్దది (పుట్టిన తేదీ ఆమెకు తెలియదు, వాళ్ళ నాయన బావి తవ్వించిన ఏడు పుట్టానని చెబితే, ఆ బావి గట్టు మీద చెక్కిన సంవత్సరం చూసి నేనే లెక్కగట్టాను). చదువుకోలేదు. నలుగురు కలిసి మాట్లాడినంత గట్టిగా ఒక్కతే మాట్లాడేది. "రేపటి నుంచి సరిగ్గా ఆరుంపావుకి రా పాలక్కా, నీకోసం గేటు దగ్గర నిలబడలేకపోతున్నాను" అని ఒకరోజు కోప్పడ్డాను. "ఆరుంపావో ఏడుంపావో నాకేమెరుక టీచరమ్మా? మూడో ఇమానం లేచినంక పాలు పిండుడు షురూ జేస్త. ఆరోది లేచే యాళ్ళకు అయిపోతది. ఇగ ఆటో ఎక్కి వస్త. గదే నా టైము. నీ గడియారానికి నువ్వు జెప్పుకో" అని క్యాను ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ముప్పై మూడేళ్ళు బడిగంట కొట్టించిన మనిషిని పట్టుకుని గడియారానికి చెప్పుకోమంది! ఆ పూటే కొత్త రిజిస్టరు కొన్నాను. గీతలు గీసి, తేదీ, వారం, పాలక్క వచ్చిన సమయం, సంతకం అని నాలుగు గడులు పెట్టాను (సంతకం నాదే, అయినా ఉండాలి). పదిహేను రోజులు రాశాను. ఏ రోజూ ఆరు నిమిషాలకు మించి తేడా లేదు. మా మూడు గడియారాల మధ్యనే నాలుగు నిమిషాల తేడా ఉండేది. పదహారో రోజు తెల్లవారుతుండగా గాలివాన పట్టుకుంది. పాలక్క నలభై ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. దొరికిపోయింది కదా అని రిజిస్టరుతో సహా గేటు దగ్గర నిలబడ్డాను. "నేనేం జేద్దు? గాలివానకు ఇమానాలు లేవలే. గా సప్పుడు ఇనందే మా బర్రె పాలు చేపుతలేదు. దాన్ని అడుగు పో" అంది. ఆ రోజు వీధి మొత్తానికి కాఫీ ఆలస్యమైంది. ఎక్కడో ఏ ఆఫీసులోనో కూర్చుని ఎవరో వేసిన టైంటేబులు తొండుపల్లి కొట్టంలో బర్రె పొదుగు దాకా వచ్చిందన్నమాట! నాకు ఒళ్ళు జలదరించింది. వయసు చిన్నది కదా, అలా జలదరించేది.

అప్పటి నుంచి ఇద్దరం కలిసి లెక్క పెట్టడం మొదలుపెట్టాం. తెల్లవారుజాము నుంచి ఆమె పాలు పిండడం అయ్యే వేళదాకా లేచిన ప్రతి విమానాన్నీ నేను మా మేడ మీద కూర్చుని సమయంతో సహా రిజిస్టరులో రాసేదాన్ని. పాలక్క తన కొట్టంలో ఒక్కో విమానానికి ఒక్కో చింతగింజ పక్కన పెట్టేది. వారం కాగానే ఆ గింజల్ని ఒక గుడ్డపేలికలో మూట కట్టేది. విమానాన్ని బట్టి పనిచేసుకునే ఆడవాళ్ళు ఇంకా ఎవరెవరున్నారో అడుగుతూ ఇద్దరం ఇరవై రెండు ఇళ్ళు తిరిగాం. నలభై ఒక్క వారాలు, అంటే రెండువందల ఎనభై ఏడు రోజులు. "ఇంత శ్రమ నీకెందుకు పాలక్కా, విసుగనిపిస్తే చెప్పు" అని మధ్యలో ఒకసారి అన్నాను. ఆమె బర్రెకు గడ్డి వేస్తూ వెనక్కి తిరక్కుండానే చెప్పింది: "నా చేను గా రన్‌వే కిందనే ఉన్నది టీచరమ్మా. జొన్న ఏసేటోళ్ళం. ఇప్పుడు గాడ నుంచే ఇమానాలు లేస్తున్నయి. మా చేన్ల ఏమేం లేస్తున్నయో లెక్క నేను పెట్టక ఎవలు పెడతరు?"

మా ఆడపడుచు కొడుకు యూనివర్సిటీలో సోషియాలజీ చెబుతాడు. ఏ మాట చెప్పినా దాని కింద ఇంకో మాట తగిలిస్తాడు గనక వాడికి నేను పెట్టుకున్న పేరు ఫుట్‌నోటు. ఒక ఆదివారం భోజనానికి వచ్చి, గోంగూర కలుపుకుంటూ పక్కనున్న రిజిస్టరు తిప్పాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అత్తయ్యా, ఇది రిజిస్టరు కాదండీ, డేటా! వ్యాసం రాయండి. మంచి సామాజిక శాస్త్ర పత్రికకు పంపుదాం. అంటే, వేసుకుంటారని గ్యారంటీ లేదనుకోండి. అంటే, పంపడంలో తప్పులేదు" అన్నాడు. ఆ పత్రికవాళ్ళ నియమాలు పదకొండు పేజీలు అచ్చు తీసి ఇచ్చాడు. వ్యాసం ఎనిమిది వేల పదాలు మించకూడదు. సారాంశం నూట యాభై పదాలు. వ్యాసాన్ని ఇద్దరు సమీక్షకులకు పంపుతారు. రాసింది ఎవరో వాళ్ళకు తెలియదు, వాళ్ళెవరో మనకు తెలియదు. ఎక్కడా రచయితల పేర్లు కనబడకూడదు. పేర్లు, చిరునామాలు వేరే ఫారంలో నింపాలి. ఆ నియమాలు చదువుతుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. రిటైరయ్యాక నన్నింత కచ్చితంగా ఎవరూ ఏదీ అడగలేదు.

వ్యాసం రాయడానికి మూడు నెలలు పట్టింది. సారాంశం దగ్గర మాత్రం తొమ్మిది రోజులు ఆగిపోయాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నూట యాభై ఒక్క పదాలు వచ్చేవి. ఏది తీసినా అర్థం కుంటేది. "ఒక్కటెక్కువైతే ఏం కాదండీ అత్తయ్యా" అన్నాడు ఫుట్‌నోటు. ఏం కానప్పుడు నూట యాభై అని ఎందుకు రాశారు? పాలక్క మాత్రం విషయాన్ని ఇంకో వైపు నుంచి చూసింది. "ఒక్క మాటకు గింత పరేషానా? పాలు ఒక్క సుక్క ఎక్కువ పోస్తే ఎవలన్న వద్దంటరా?" అంది. చివరికి "చాలా" అన్న మాట తీసేశాను. తీసేశాక చూస్తే ఆ మాట వ్యాసంలో ఎక్కడా అవసరం లేదని తేలింది. ఆ తర్వాత నా మాటల్లో కూడా తగ్గించుకున్నాను.

అసలు గొడవ ఫారం దగ్గర వచ్చింది. రచయితలు ఎంతమంది అన్న చోట నేను రెండు అని కొట్టాను. రెండో రచయిత్రి సంస్థ పేరు, ఈమెయిలు అడిగింది కంప్యూటరు. ఎర్ర నక్షత్రం పెట్టి మరీ అడిగింది. నింపకపోతే ముందుకు పోనివ్వదు. ఫుట్‌నోటు గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, ఆవిడ పేరు రచయితల్లో వద్దండీ. చివర కృతజ్ఞతల్లో పెడదాం. గౌరవంగానే రాద్దాం. అంటే, అదే పద్ధతి."

"గింజలు వేసింది ఎవరు?"

"ఆవిడేననుకోండి."

"రిజిస్టరు రాసింది?"

"మీరు."

"ఇళ్ళు తిరిగింది?"

"ఇద్దరూ."

"ఒకటీ ఒకటీ రెండు. మీ యూనివర్సిటీలో వేరే ఎక్కం ఉంటే అప్పజెప్పు, వింటాను."

వాడి చేతే పాలక్క పేరు మీద ఒక ఈమెయిలు తెరిపించాను. సంస్థ అన్న చోట ఇద్దరికీ స్వతంత్ర పరిశోధకురాలు అని పెట్టాను. అంటే ఏందని పాలక్క అడిగింది. ఏ సంస్థలోనూ జీతానికి లేనివాళ్ళని చెప్పాను. "ఎవల కింద లేనోళ్ళా? గట్లయితే నాది పెద్దగ రాయి. నీది జర చిన్నగ రాయి, నీకు పింఛను వస్తది" అంది. వ్యాసం పంపే రోజు కూడా ఆమే చెప్పింది. సోమవారం అమావాస్య, వద్దంది. మంగళవారం ఎవరూ కొత్త కుండ కూడా కొనరంది. బుధవారం పొద్దున మూడో విమానం లేచాక, పాలు పిండే పని కోడలికి అప్పజెప్పి వచ్చి, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పంపే బొత్తాన్ని తనే నొక్కింది. "బోణీ బేరం. ఎనకకు రావద్దు" అని తెరకు దణ్ణం పెట్టింది. ఆరు గంటల రెండు నిమిషాలు (మధ్య గడియారం ప్రకారం).

జవాబు రావడానికి నూట నలభై ఒక్క రోజులు పట్టింది. అందులో నూట ముప్పై ఎనిమిది సార్లు "కబురొచ్చిందా టీచరమ్మా?" అని పాలక్క గేటు దగ్గరే అడిగింది. మిగిలిన మూడు రోజులు ఆమెకు జ్వరం. చివరికి సంపాదకుల ఉత్తరం వచ్చింది. వేసుకోబోమనీ లేదు, వేసుకుంటామనీ లేదు. సమీక్షకుల అభ్యంతరాలకు ముప్పై రోజుల్లో జవాబివ్వమన్నారు. మొదటి సమీక్షకుడు మంచివాడు. బాగుంది, ఒక పటం చేర్చండి అని రెండే వాక్యాలు రాశాడు. రెండో ఆయన ఐదు అభ్యంతరాలు రాశాడు. చింతగింజలు ప్రామాణికమైన కొలమానం కాదన్నాడు. రెండో రచయిత్రికి చదవడం, రాయడం రాదని వ్యాసంలోనే ఉంది గనక ఆ లెక్కను నమ్మడమెలా, ఆమెను రచయిత్రి అనడమెలా, పేరు తీసేసి ఆమె లెక్కను కూడా తీసేస్తే మంచిదన్నాడు. కాలం గురించి పెద్దలు రాసిన పుస్తకాల ప్రస్తావన లేదన్నాడు. రచయితలు ఆ ప్రాంతంలోనే ఉంటున్నారు గనక నిష్పాక్షికత అనుమానమేనన్నాడు. బర్రె గురించి మూడు పేరాలు అనవసరమన్నాడు.

నేను చాలా శాంతంగానే ఉన్నాను (ఇక్కడ "చాలా" అవసరం). ఆ కాగితాన్ని అచ్చు తీసుకుని, ఎర్రకలం తీసి, బల్ల దగ్గర కూర్చుని, ముప్పై మూడేళ్ళపాటు ఏం చేశానో అదే చేశాను. దిద్దాను. మొదటి దానికి పదికి రెండు: "కొలమానం ఏదైనా, ఎవరు ఎంత కచ్చితంగా వాడారన్నది చూడవలెను." రెండోదానికి సున్నా, దాని పక్కన ఏమీ రాయలేదు, సున్నాను మాత్రం రెండుసార్లు దిద్దాను. మూడోదానికి ఆరు, పుస్తకాలు చదవమన్నాడు, మంచి మాటే. నాలుగోదానికి నాలుగు: "ఉన్న ఊరిని చూడకూడదంటే లేని ఊరిని చూడాలా?" ఐదోదానికి ఐదు: "మీరు బర్రెను దగ్గర నుంచి చూసినట్టు లేదు." మొత్తం యాభైకి పదిహేడు. తప్పారు. బాగా చదివి మళ్ళీ రావలెను. సంతకం చేశాను. అలవాటు కొద్దీ కింద తల్లిదండ్రుల సంతకానికి గీత కూడా గీశాను. మనసు తేలికపడింది. ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి అసలు జవాబు రాయడానికి కూర్చున్నాను.

రెండో అభ్యంతరానికి మాటలతో కాదు, లెక్కతోనే జవాబు చెప్పాలి. పాలక్క గింజలూ నా రిజిస్టరూ వారం వారం సరిపోలితే ఇక ఎవరికీ నోరు లేవదు. నలభై ఒక్క మూటలూ తెప్పించి వరండాలో చాప మీద పరిచాను. పాలక్క మూట విప్పి గింజలు లెక్కపెట్టేది, నేను రిజిస్టరులో వారం మొత్తం చదివేదాన్ని. ముప్పై ఆరు మూటలు గింజకు గింజ సరిపోయాయి. నాలుగింటిలో ఒక్కో గింజ తేడా. కానీ పంతొమ్మిదో మూటలో నా లెక్క కంటే పదకొండు గింజలు తక్కువున్నాయి. మూడుసార్లు పెట్టించాను. పదకొండే.

"నువ్వే ఎక్కడో మరిచిపోయి ఉంటావు పాలక్కా" అన్నాను, మొద్దు పిల్లవాడితో మాట్లాడే మెత్తటి గొంతుతో.

"నేనా?" అని ఆమె గింజల్ని వదిలేసి గుడ్డ చేతిలోకి తీసుకుంది. ఆకుపచ్చ పేలిక. అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది మా కోడలి రైక గుడ్డ. అది తల్లిగారింటికి కందుకూరు పోయిన వారం కట్టిన మూట. మూడు దినాలు మంచు పడ్డది. ఇమానాలు పొద్దెక్కినంక లేచినయి. బర్రె చేపలే, దూడను ఇడిచి పిండుకున్న. గప్పుడు నువ్వు ఊర్లనే లేవు టీచరమ్మా! మూడు దినాలు పాలు వద్దని జెప్పి పోయినవ్."

పాల క్యాలెండరు తీశాను (పాతవన్నీ ఉంచుతాను). మూడు గళ్ళలో అడ్డగీతలు. తెనాలిలో మా మరిదిగారింట్లో గృహప్రవేశం. మరి రిజిస్టరులో ఆ మూడు రోజులూ సమయాలతో సహా నీలం సిరాతో నిండుగా ఉన్నాయే! అప్పుడు గుర్తొచ్చింది. తిరిగి వచ్చాక ఖాళీ గళ్ళు చూడలేక, రోజూ అన్నే కదా అని, ముందు వారం చూసి నింపేశాను. సంతకం కూడా చేశాను. పుస్తకం వెనక జవాబు చూసి లెక్క దింపిన పిల్లల్ని నేను ఎంతమందిని గోడకుర్చీ వేయించానో! ఆ పిల్లలందరూ వరుసగా వచ్చి మా వరండాలో నిలబడి నన్నే చూస్తున్నట్టనిపించింది. చెబితే పాలక్క అర్థం చేసుకుంది. అర్థం చేసుకున్నంత మాత్రాన వదలలేదు.

"ఇగ ఎయ్యి మరి గోడకుర్చీ. మళ్ళ ఇమానం లేచేదాక."

వేశాను. నా మాట నమ్మండి, గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, లేని కుర్చీ మీద కూర్చున్నాను. పద్నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు చాప మీద కూలబడ్డాను. విమానం ఏదీ లేవలేదు. పాలక్క కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, చెయ్యి పట్టుకుని లేపి, "నీ ఈడుకు గంత చాలు" అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె గింజల్ని తీసేయమంటున్నారు. ఉన్న రెండు లెక్కల్లో అబద్ధం ఉన్నది నాదే.

ఫుట్‌నోటుకు ఫోను చేసి చెప్పాను. "అయ్యో అత్తయ్యా, అదెక్కడా రాయకండి! పదకొండు గింజల్ని ఎవరు చూస్తారండీ? ఆవిడ పేరు కృతజ్ఞతల్లోకి జరిపితే మూటల ప్రసక్తే రాదు, వ్యాసం గట్టెక్కుతుంది" అన్నాడు. "ఎవరూ చూడకపోతే పదకొండు సున్నా అవుతుందట్రా?" అని పెట్టేశాను. ఆ వ్యాసం మీద నాకెంత ఆశ ఉండేదో ఇప్పుడు దాచడమెందుకు? అచ్చులో నా పేరు చూసుకోవాలని ఉండేది. అయినా జవాబు మొదటి వాక్యంలోనే రాశాను: పంతొమ్మిదో వారంలో మూడు రోజులు రిజిస్టరు రాసిన వ్యక్తి ఊళ్ళో లేదు, ఊహించి నింపింది. ఆ తప్పు పట్టిందీ, దిద్దిందీ చింతగింజలు. రెండో రచయిత్రిని తీసేస్తే మొదటి రచయిత్రి అబద్ధం వ్యాసంలో నిలిచిపోతుంది. కాబట్టి తీయడం లేదు. పైగా ఇకమీదట ఆమె పేరు ముందు, నా పేరు వెనక. ఇది సమ్మతం కాకపోతే వ్యాసం తిప్పి పంపగలరు.

ఇరవై తొమ్మిదో రోజున బస్టాండు పక్క జిరాక్సు షాపులో జవాబు స్కాను చేయించాను. కింద చేర్చడానికి రెండో సమీక్షకుడి అభ్యంతరాల కాగితం కూడా ఇచ్చాను. ఇచ్చింది మళ్ళీ అచ్చు తీసిన తెల్ల ప్రతి అనుకున్నాను. సొరుగులోంచి తెచ్చింది దిద్దిన ప్రతి. రెండింటినీ రెండు ఫైళ్ళుగా చేసిచ్చారు. ఇంటికొచ్చి కళ్ళజోడు తుడుచుకుని (ఇదొక్కటీ చేయకపోయినా బాగుండేది, అప్పుడు కనీసం కళ్ళజోడు మీద నెపం పెట్టేదాన్ని), జవాబు అన్న గడిలో ఒక ఫైలు ఎక్కించి పంపేశాను. పంపాక అన్నీ సరిచూసుకోవడం నా అలవాటు. అందినట్టు వాళ్ళు పంపిన ప్రతి తెరిచాను. తెర నిండా ఎరుపు. యాభైకి పదిహేడు. తప్పారు. కింద తల్లిదండ్రుల సంతకానికి గీత. అసలు జవాబు నా దగ్గరే ఉంది.

"అత్తయ్యా! ఏం చేశారండీ!" అన్నాడు ఫుట్‌నోటు. ఈసారి వాడు "అంటే" అని కొనసాగించలేదు. కాస్త తేరుకున్నాక క్షమాపణ ఉత్తరం తనే రాసిస్తానన్నాడు: వయసు మీద పడింది, పొరపాటున జరిగింది, మార్కులు వెనక్కి తీసుకుంటున్నాను, సమీక్షకుల సూచన ప్రకారం రెండో రచయిత్రి పేరు కూడా తొలగిస్తున్నాను. నేను పాలక్కకు సంగతి చెప్పాను. నా పేరు తీసెయ్యి, నీది పోగొట్టుకోకు అంటుందేమోనని లోపల కొంచెం భయపడ్డాను కూడా. ఆమె అడిగింది ఒక్కటే ప్రశ్న. "నువ్వేసిన మార్కులు సక్కగనే ఏసినవా?"

"సరిగ్గానే వేశాను."

"మరింకేంది? పాలల్ల నీళ్ళు కలిపినోళ్ళు భయపడాలె. మనకేంది?"

సంపాదకులకు నేనే నాలుగు వాక్యాలు రాశాను. దిద్దిన కాగితం పంపడం నా పొరపాటు, అందుకు క్షమించగలరు. మార్కులు వేయడం పొరపాటు కాదు, వాటిని మార్చను. అసలు జవాబు ఇందుతో జతచేస్తున్నాను. అందులో నా తప్పుకు నేను సున్నా వేసుకున్నానని గమనించగలరు.

ఇరవై మూడు రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. దాన్ని నేను ఇప్పటికీ రిజిస్టరు అట్టలో పెట్టుకున్నాను. వ్యాసాన్ని అంగీకరించామని రాశారు. పేర్లు మీరు చెప్పిన వరుసలోనే ఉంటాయన్నారు. రెండో సమీక్షకులు తమ మార్కులు చూసుకున్నారట. రెండో ప్రశ్నకు సున్నాను ఒప్పుకుంటున్నారట. ఆ పదకొండు గింజల సంగతి చదివాక అంతకంటే ఎక్కువ రాదని ఆయనే అన్నారట. నాలుగో ప్రశ్నకు మాత్రం రీవాల్యుయేషన్ కోరుతున్నారట. తల్లిదండ్రులు లేనందువల్ల గీత మీద భార్య చేత సంతకం పెట్టిస్తే చెల్లుతుందా అని అడిగారట. బర్రె పేరాలు మూడూ ఉంచమన్నారు. నాలుగో ప్రశ్నను మళ్ళీ చూశాను. న్యాయంగా చూస్తే ఒక మార్కు పెంచవచ్చు. పెంచాను. పద్దెనిమిది. అయినా తప్పినట్టే.

పత్రిక అచ్చయి వచ్చిన రోజు తొండుపల్లి తీసుకెళ్ళాను. పాలక్క చెయ్యి కడుక్కుని, పేజీ మీద వేలు పెట్టి, "గిదేనా నాది?" అంది. అదేనన్నాను. "నీది ఎనకనా?" వెనకే. "గట్లనే ఉండాలె. గోడకుర్చీ ఏసినోళ్ళు ముందల నిలబడరు" అని కొడుకునీ కోడలినీ పిలిచి ఆ పేరుని చూపించింది. ఎవరైనా అడిగితే చూపించడానికి డేటాను ఐదేళ్ళు భద్రంగా ఉంచాలని పత్రికవాళ్ళ నియమం. ఎక్కడుంచుతారన్న గడిలో రాసిచ్చాను: మొదటి రచయిత్రి ఇంట్లో, అటక మీద, మూత ఉన్న కుండలో.

ఐదేళ్ళలో ఎవరూ అడగలేదు. పోయిన నెలతో ఆ గడువు తీరిపోయింది. నాకిప్పుడు డెబ్బై ఒకటి, ఆమెకు డెబ్బై మూడు. ఆటో దిగి నెమ్మదిగా కొట్టం దాకా నడిచి, ఇక గింజలు పారెయ్యొచ్చని చెప్పాను. "పారేసుడేంది? తినే వస్తువు" అని కుండ దింపించి, నలభై ఒక్క మూటలూ విప్పి, పెద్ద మూకుట్లో పోసి వేయించింది. కమ్మటి వాసన. ఒక పిడికెడు నా చేతిలో పెట్టింది, ఒక పిడికెడు తను తీసుకుంది. పెంకు వొలిచి నోట్లో వేసుకుని ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఐదేళ్ళు కాపాడిన డేటా. కొరకడానికి ఇద్దరిలో ఎవరికీ పళ్ళు లేవు. బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ కూర్చున్నాం. అంతలో కొట్టం రేకులు అదిరేలా ఒక విమానం లేచింది. పాలక్క తల ఎత్తి చూడకుండానే చేతిలోంచి ఒక గింజ తీసి ఖాళీ కుండలో వేసింది.

"వేయించిన గింజ కదా అది" అన్నాను.

"ఏంచినా ఒకటి ఒకటే. రాస్కో టీచరమ్మా."

చేతిసంచీ అంతా వెతికాను. రిజిస్టరు తేలేదు. అరవై నాలుగేళ్ళ ఆ చిన్నపిల్ల అయితే తెచ్చి ఉండేది.